చార్జి తీసుకున్నవారు

మిల్లు మూసేసిన రోజు మా ఆయన ఇంటికి రాలేదు.

మిగతావాళ్ళంతా మధ్యాహ్నానికే వచ్చేశారు. మా వీధిలో సగం మంది ఆ అద్దకం మిల్లులోనే పనిచేసేవాళ్ళు. నీలం, ఎరుపు మరకలు దిగని చేతులతో, ఖాళీ క్యారియర్లు పట్టుకుని, ఎవరితో ఎవరూ మాట్లాడకుండా చినుకుల్లో నడిచొచ్చారు. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ చూసింది.

"ఊళ్ళోవాళ్ళందరూ వచ్చారు. వీడేడే?"

"బాయిలర్ చల్లారాలట అత్తయ్యా. మంట ఆర్పినంత మాత్రాన అది ఆగదట. మెల్లగా దింపుకుంటూ రావాలట."

"మిల్లే పోయాక దాన్ని జోకొట్టి పడుకోబెట్టడం ఎందుకే?" అంది.

నాలుగో రోజు నేనే అన్నం కట్టుకుని, మూడేళ్ళ చిట్టిని చంకనేసుకుని వెళ్ళాను. అంత పెద్ద మిల్లు అంత చప్పుడు లేకుండా ఉండగలదని నాకు తెలియదు. చిట్టి నా మెడ గట్టిగా పట్టుకుంది. మా ఆయన బాయిలర్ గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మిల్లులో అందరూ ఆయన్ని ఆవిరన్న అనేవాళ్ళు. నాలుగు రోజుల గడ్డం, బొగ్గు మసి.

"చెయ్యి పెట్టి చూడు," అన్నాడు. భయపడుతూనే పెట్టాను. ఆ పెద్ద ఇనప పొట్ట, జ్వరం దిగిన పిల్ల ఒళ్ళులా నులివెచ్చగా ఉంది. "ఇంక దానికేం కాదు," అని లాగ్ బుక్ తెరిచాడు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. షిఫ్టుకో వరస. నీళ్ళెంత, ప్రెషర్ ఎంత, చివర్లో రెండు గడులు. చార్జి అప్పగించినవారు, చార్జి తీసుకున్నవారు. తీసుకునేవాడు వచ్చి, ప్రెషర్ చూపించే గేజి చూసి, ముందు తన గడిలో సంతకం పెట్టాలి. అప్పుడే అప్పగించేవాడు తన గడిలో పెడతాడు. బాయిలర్ వాళ్ళ పద్ధతి అది. తీసుకునేవాడు రాకపోతే ఉన్నవాడే ఇంకో షిఫ్టు కాస్తాడు తప్ప, ముందుగా సంతకం గీకేసి ఇంటికి పోడు.

ఆయన వాచ్‌మన్‌ని కేకేశాడు. "బావా, ఇక్కడో సంతకం పడెయ్."

వాచ్‌మన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకు గేటు అప్పగించారు ఆవిరన్నా. బాయిలర్ అప్పగించలేదు. రేపది పేలితే నా మెడకి చుట్టుకుంటుంది."

"చల్లారింది పేలుతుందా?"

"ఆ సంగతి నీకు తెలుసు. నాకు తెలీదుగా."

ఆయన నావైపు తిరిగాడు. "పోనీ నువ్వు పెట్టవే. ఎనిమిది చదివావు. ఇవ్వాళ్టినుంచి మిల్లంతా నీ చార్జే."

నవ్వుతూనే అన్నాడు. కానీ పెన్ను నిజంగానే నా ముందుకి చాపాడు. నేను చిట్టిని ఇంకో చంకకి మార్చుకుని వెనక్కి తగ్గాను. "అమ్మో, కాగితాలతో నాకెందుకండీ." సంతకం అంటే నాకు అలాంటి భయం. పోస్టుమేన్ ఏదైనా పెట్టమన్నా అత్తయ్య వేలిముద్ర వేయించేదాన్ని.

ఆయన పెన్నుకి మూత పెట్టాడు. రెండు గడులూ అలాగే ఖాళీగా వదిలేసి, పుస్తకాన్ని దాని అలమరలో పెట్టి, తలుపు దగ్గరికి వేశాడు.

"మీదైనా పెట్టొచ్చుగా?"

"తీసుకున్నవాడే లేకుండా, అప్పగించానని ఎలా పెడతానే?"

నాకది చాదస్తంలా అనిపించింది. ఆకలేస్తోందని చిట్టి ఏడుస్తుంటే త్వరగా ఇంటికి తీసుకొచ్చేశాను.

*

నిరుద్యోగ భృతి ఆఫీసులో కింద అయిదు కిటికీలు ఉండేవి. రెండే తెరిచేవాళ్ళు. మాది మూడో కిటికీ. దాని వెనక చొక్కా జేబులో నాలుగు పెన్నులు పెట్టుకుని, అయిదోదానికోసం వెతుక్కునే ఆయన ఒకడు. దరఖాస్తు ఒకసారి ఇచ్చాక, ప్రతి సోమవారం ఒక వారం కాగితం నింపి అక్కడి ఇనప పెట్టెలో వెయ్యాలి. ఒక్క వారం తప్పినా కథ మొదటికొస్తుంది.

మా ఆయనకి అంకెలు, సంతకం తప్ప రాయడం అలవాటు లేదు. నేను రాసేదాన్ని, ఆయన సంతకం పెట్టేవాడు. ఈ వారంలో ఏదైనా పని చేశారా? చేసినచో ఎక్కడ, ఏ పని, ఎవరి వద్ద? అన్నిటికన్నా కింద సన్న అక్షరాల్లో ఒక గీత ఉండేది. దరఖాస్తుదారు కాక మరొకరు నింపినచో వారి పేరు, సంతకం. ఆ గీతని నేను చూడనట్టే వదిలేసేదాన్ని.

మిగతావాళ్ళకి నెల తిరక్కుండానే భృతి వచ్చింది. మాకు 'పరిశీలనలో ఉంది' వచ్చింది. ఆరో వారంలో ఉత్తరం వచ్చింది. దీపం కింద కూర్చుని పైకి చదివాను. "సదరు ఉద్యోగి విధులను అప్పగించకుండా వెళ్ళిపోయినట్టు లాగ్ బుక్ ద్వారా యాజమాన్యం తెలియజేసినందున, స్వచ్ఛందంగా ఉద్యోగం విడిచినట్టు భావించి..."

"ఆగు. ఆ అప్పగించకుండా అన్న ముక్క మళ్ళీ చదువు."

చదివాను.

"నాలుగు రోజులు ఊరికే కూర్చుని కాశాను. పారిపోయానా నేను?"

ఆ మాట నన్నడిగినట్టు కాదు, కానీ నాకే తగిలింది. ఆ పెన్ను నా ముందుకి చాపినప్పుడు వెనక్కి తగ్గింది నేనే కదా.

మర్నాడు మూడో కిటికీ ఆయన ఉత్తరం చూసి పెదవి విరిచాడు. "నాకు చెప్పి లాభం లేదమ్మా. విచారణలో చెప్పుకోవాలి."

"విచారణ ఎప్పుడండీ?"

"కబురొస్తుంది. అప్పటిదాకా వారం కాగితాలు మానకండి. ఎక్కడైనా పని చేస్తే మాత్రం రాయండి. అబద్ధం రాశారో, అది వేరే కేసు." గొంతు తగ్గించి పైకప్పు వైపు పెన్ను చూపించాడు. "ఇక్కడ ఇచ్చేవాళ్ళం ఇద్దరం. పట్టుకునేవాళ్ళు పై అంతస్తంతా ఉన్నారు."

మొదటి విచారణకి మిల్లువాళ్ళు లాగ్ బుక్ తేలేదు, వాయిదా. రెండోసారి అధికారి సెలవు. మేం మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చాం. చిట్టి కొత్త ఆట నేర్చుకుంది. వంటింటి కిటికీ వెనక నిలబడి, నానమ్మని ఇటువైపు నిలబెట్టి, "కాగితం ఏదీ? ఇది కాదు. రేపు రా," అనేది.

"దీనికి ఉద్యోగం ఖాయమే," అంది అత్తయ్య. ఆ రోజుల్లో మేం నవ్విన నవ్వు అదొక్కటే.

*

వాన తెరిపివ్వని ఒక ఉదయం లాండ్రీ ఆయన వచ్చాడు. పెద్ద హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే లాండ్రీ, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. గొడుగు మా గుమ్మంలోనే దులుపుతూ, "ఏం ఆవిరన్నా, ఖాళీగా ఉన్నావటగా! నా దగ్గర చిన్న బాయిలర్ ఉంది. కాసేవాడు వెళ్ళిపోయాడు. కాగితాలూ గీగితాలూ ఏం ఉండవు. రోజు పని, రోజు కూలి," అన్నాడు.

ఆయన చూసొస్తానని వెళ్ళి, గంటలో తిరిగొచ్చాడు. వచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

"ఎలా ఉంది?"

"వద్దులే."

"ఏం?"

"దాని వాల్వ్ కట్టేశారు." నాకర్థం కాలేదని చూసి కూర్చున్నాడు. "లోపల ప్రెషర్ మితి మీరితే వాల్వ్ తనంతట తనే లేచి ఆవిరి వదిలేస్తుందే. అది ఉన్నదే అందుకు. ఆవిరి వృథా పోతోందని అది లేవకుండా బరువు కట్టించాడు. ముందువాడు అందుకే పారిపోయాడు."

"చచ్చినా వెళ్ళకు," అంది అత్తయ్య లోపల్నించి.

"వెళ్ళనమ్మా," అన్నాడు.

కొట్టువాడు నన్ను చూడగానే వేరేవాళ్ళకి తూకం వెయ్యడం మొదలుపెట్టే రోజులొచ్చాయి. అత్తయ్య మోకాళ్ళ మాత్రలు రోజు మార్చి రోజు మింగుతూ, "నొప్పే లేదే, ఎందుకు దండగ," అనేది. గోడ పట్టుకుని లేచేది. చిట్టి పాలు రోజురోజుకీ తేలికవుతున్నాయి. ఒకరోజు గ్లాసు వెలుతురులో పట్టుకుని, "అమ్మా, అవతల్నించి నువ్వు కనిపిస్తున్నావు," అంది. నేను నీళ్ళు కలుపుతున్న సంగతి అప్పటిదాకా మా ఆయనకి తెలియదు.

మూడోసారి విచారణ వాయిదా పడిన మర్నాడు ఆయన పొద్దున్నే పాత ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?"

"తెలిసీ అడక్కు."

"ఆ వాల్వ్..."

"నేనుంటే గేజి మీంచి కళ్ళు తీయను. చూసేవాడు లేకపోతేనే ప్రమాదం." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. అలమరలోంచి వారం కాగితం తీసి, ఏమీ రాయని దాని అడుగున సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. "సోమవారం నువ్వు రాసి పడెయ్. చేయలేదనే రాయి. విచారణ అయ్యేదాకే."

ఆయన వెళ్ళాక ఆ కాగితాన్ని పట్టుకుని నిలబడిపోయాను. జరగని పనికి ఒక గడిలో సంతకం పెట్టనని మా బతుకు ఇక్కడిదాకా తెచ్చిన మనిషి, నా చేతిలో ఖాళీ కాగితానికి సంతకం పెట్టి ఇచ్చాడు.

'చేయలేదు' అని రాశాను. మూడు సోమవారాలు రాశాను.

మా పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన నిలబడితే లాండ్రీ పొగగొట్టం కనిపించేది. గిన్నెలు తోముతూ ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి, ఏ పనీ లేకుండా పదిసార్లు చూసేదాన్ని. పొగ ఉందంటే అంతా ఉన్నట్టే. వాన ఎక్కువై పొగ కనిపించకపోతే, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, అది కనిపించేదాకా అక్కడే తడుస్తూ నిలబడేదాన్ని.

"ఏముందే అక్కడ?" అనేది అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా. మబ్బు."

*

ఒకరోజు ఆయన క్యారియర్ మరిచిపోయి వెళ్ళాడు. చిట్టిని తీసుకుని నేనే వెళ్ళాను.

లాండ్రీలో ముందు గది దాటితే ఇస్త్రీ హాలు. అయిదుగురు ఆడవాళ్ళు వరసగా బల్లల ముందు నిలబడి తెల్ల దుప్పట్లు రుద్దుతున్నారు. వాళ్ళ వీపుల వెనక ఒక గోడ. గోడ వారగా, ఉతికిన తువ్వాళ్ళ బుట్టలో ఆరు నెలల పిల్ల నిద్రపోతోంది.

"ఆవిరన్న ఇంటామెవా? గోడ అవతలే ఉన్నాడు," అంది వాళ్ళలో పెద్దామె. "పిల్లని ఇలా కూర్చోబెట్టమ్మా, ఎంతసేపలా మోస్తావు? ఈ గోడ చూడు ఎంత వెచ్చగా ఉంటుందో. వానాకాలం మా ప్రాణానికి ఇదే హాయి."

గోడ మీద చెయ్యి వేశాను. మిల్లులో ఆ రోజు పెట్టిన చెయ్యే. వెంటనే తీసేశాను.

వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళేసరికి ఆయన వీపు కనిపించింది. గేజి ముందు, తల కొంచెం పైకెత్తి ఉన్నాడు. బాయిలర్ నెత్తిన ఒక ఇనప చెయ్యి లాంటిది బయటికి చాచుకుని ఉంది. దాని చివర తీగతో కట్టి ఒక పాత ఇస్త్రీ పెట్టె వేలాడుతోంది. బొగ్గులు వేసే రకం. మూత లేదు, నిండా ఇనప ముక్కలు. అది ఊగడం లేదు. వణుకుతోంది.

"నాన్నా!" అంది చిట్టి.

ఆయన ఒక్క అంగలో వచ్చి మాకూ బాయిలర్‌కీ మధ్య నిలబడ్డాడు. అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. "దాన్నెందుకు తెచ్చావిక్కడికి? బయటికి నడు." తల మాత్రం గేజి వైపే తిప్పి, క్యారియర్ కోసం చెయ్యి గాల్లో తడుముకున్నాడు.

"నాన్నా, ఇస్త్రీ పెట్టె ఎందుకు వేలాడుతోంది?"

"ఆరేశారు తల్లీ."

"తీసెయ్యొచ్చుగా?" అన్నాను మెల్లగా.

"రెండుసార్లు తీశాను. నేను బొగ్గుకని బయటికెళ్ళొచ్చేసరికి మళ్ళీ కట్టాడు." అప్పుడు ఒక్క క్షణం నావైపు చూశాడు. ఆ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు ఇంకెప్పుడూ ఇటు రాకు. దీన్ని అసలు తీసుకురాకు."

తిరిగొస్తుంటే బుట్టలో పిల్ల నిద్రలో నవ్వుతోంది.

సోమవారం పొద్దున ఆయన ఎప్పటిలాగే సంతకం పెట్టి వెళ్ళాడు. నేను చాప మీద కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకున్నాను. అత్తయ్య పక్కనే కూరలు తరుగుతోంది.

ఈ వారంలో ఏదైనా పని చేశారా? *చేశారు.*

ఎక్కడ? లాండ్రీ ఉన్న వీధి, పక్కనున్న కర్రల డిపో గుర్తు రాశాను.

ఏ పని? *బాయిలర్ కాయడం. వాల్వ్ లేవకుండా ఇస్త్రీ పెట్టె కట్టి ఉంది. గోడ అవతల అయిదుగురు ఆడవాళ్ళు, ఒక చంటిపిల్ల.* గడి చాలక పక్కకి రాశాను.

ఎవరి వద్ద? రాశాను.

"ఏమిటే ఇవ్వాళ ఇంతసేపు?" అంది అత్తయ్య.

"ఎప్పుడూ రాసేదే అత్తయ్యా."

కింద సన్న అక్షరాల గీత దగ్గర పెన్ను ఆగింది. ఎప్పటిలాగే వదిలేశాను. అప్పుడు కూడా నాకు ధైర్యం లేదు. ఆయన సంతకం వెనక దాక్కున్నాను. ఇనప పెట్టెలో కాగితం పడ్డ చప్పుడు విని కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. దాంతో భృతి పోతుందని తెలుసు. పోనీ అనుకున్నాను. మా ఆకలి చూడ్డానికి ఈ ఆఫీసుకి తీరిక లేదు, మా తప్పు చూడ్డానికైనా పరిగెత్తుకు రావాలి అనుకున్నాను.

*

గురువారం పది గంటలకి పొగ ఆగింది.

వాన లేదు. ఆకాశం తేటగా ఉంది. పొగగొట్టం ఉంది, పొగ లేదు. చిట్టిని ఒళ్ళోకి లాక్కుని తొట్టి గట్టు మీద కూర్చున్నాను. దాని చెవులు రెండూ మూశాను, ఎందుకో. "అమ్మా, వదులు," అంటోంది. వదల్లేదు.

అరగంటకి వీధి తలుపు చప్పుడైంది. ఆయన.

"సీలు వేశారు," అన్నాడు. "భృతి ఆఫీసు నుంచి ఇద్దరు, బాయిలర్ల ఇన్‌స్పెక్టర్ ఒకడు. తిన్నగా వాల్వ్ దగ్గరికే వచ్చారు. చల్లారేదాకా ఉంటానన్నా వినకుండా నన్ను పంపేశారు. ఎవరో రాశారట."

"ఆ రాసినవాడి చెయ్యి పడిపోను!" అంది అత్తయ్య. "నోటికాడి కూడు తీశాడు కదరా!"

నా చేతిలో కంచం ఉంది. గట్టిగా పట్టుకున్నాను.

మధ్యాహ్నం లాండ్రీ ఆయన వచ్చి వీధిలోనే నిలబడి అరిచాడు. "నీ ఇల్లు చూసి జాలిపడి పనిచ్చాను ఆవిరన్నా. ఎవడు రాశాడో నాకు తెలియకపోదు. సీలుదేముంది? మైనమే కదా! కరుగుతుంది." వెళ్తూ వెళ్తూ మా గుమ్మంలోకి, నావైపు ఒకసారి చూశాడు.

ఇచ్చే విచారణకి మూడు వాయిదాలు. పట్టుకునే విచారణకి మూడు రోజుల్లో కబురొచ్చింది. రెండూ కలిపి ఒకేరోజు.

అధికారి ఒక పెద్దావిడ. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. ఒక పక్క మిల్లు గుమాస్తా, ఎట్టకేలకు లాగ్ బుక్‌తో. ఆవిడ చివరి పేజీ చూసి, తర్వాత వెనక్కి తిప్పుకుంటూ పోయింది. పది పేజీలు, ఇరవై, యాభై.

"ఎక్కడా ఒక్క గడి ఖాళీ లేదు. ఆఖరి రోజే ఎందుకుంది?"

"తీసుకునేవాళ్ళు లేరు మేడమ్."

"మీ సంతకం మీరు పెట్టొచ్చుగా?"

"వాళ్ళు పెట్టకుండా నేను పెడితే, బాయిలర్‌ని గాలికొదిలేసి వచ్చినట్టే కదా మేడమ్."

మిల్లు గుమాస్తా నవ్వబోయి, ఆవిడ నవ్వకపోవడం చూసి ఆపుకున్నాడు. ఆవిడ ఏదో రాసుకుంది. తర్వాత ఇంకో ఫైలు తీసింది. మా వారం కాగితాలు.

"లాండ్రీలో చేరాక మూడు వారాలు చేయలేదని ఉంది. నాలుగో వారం చేశారని ఉంది." కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. "వాల్వ్ లేవకుండా ఇస్త్రీ పెట్టె కట్టి ఉంది. గోడ అవతల అయిదుగురు ఆడవాళ్ళు, ఒక చంటిపిల్ల."

మా ఆయన తల నావైపు తిరగలేదు. మెడ మీద నరం మాత్రం కదిలింది. ఇస్త్రీ పెట్టెని చూసిన బయటిమనిషిని నేనొక్కదాన్నే.

"ఇది రాసిందెవరు? కింద గీత ఖాళీగా ఉంది."

నేను లేవబోయాను. నా మోకాలి మీద ఆయన చెయ్యి పడింది. బరువుగా.

"సంతకం నాదే మేడమ్."

"రాసిందెవరని అడుగుతున్నా."

"సంతకం పెట్టినవాడిదే మేడమ్ కాగితం."

"అంటే మీ మీద మీరే రాసుకున్నారా?"

"అవును మేడమ్."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆ మూడు వారాలకీ జరిమానా తప్పదు. మిల్లు సంగతి ఉత్తరంలో తెలుస్తుంది," అని ఫైలు మూసింది.

బయటికొచ్చాం. సన్నగా జల్లు. బస్సుకి డబ్బుల్లేక కాదు, ఆయన నడుస్తున్నాడని నేనూ నడిచాను. రెండు వీధులు దాటాం. అడుగు వెనక అడుగు వేస్తూ, ఏ మాట అంటాడో అని చూస్తున్నాను.

"అన్నీ రాశావు," అన్నాడు చివరికి. "గేజిలో ముల్లు ఎంత మీద ఉందో రాయలేదేం? అది రాసుంటే బుధవారమే వచ్చేవాళ్ళు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన నా చేతిలోంచి సంచి తీసుకున్నాడు.

కర్రల డిపో మలుపు తిరిగాక ఆయన ఆగిపోయాడు. లాండ్రీ పొగగొట్టం లోంచి పొగ వస్తోంది. నల్లగా, గుబురుగా.

"ఎవడు కాస్తున్నాడు దాన్ని?" అన్నాడు. నన్నడగలేదు. సంచి నా చేతిలో పెట్టేసి, "నువ్వు ఈ పక్కనే ఉండు. దాటి రావద్దు," అని రోడ్డు దాటాడు.

"ఏవండీ!" అన్నాను. వెనక్కి చూడలేదు.

లోపల కేకలు. లాండ్రీ ఆయన గొంతు, మా ఆయన గొంతు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలమీద తువ్వాళ్ళు కప్పుకుని పరిగెత్తుకొస్తున్నారు. ఒకరు. ఇద్దరు. ముగ్గురు. నాలుగోది పెద్దామె. అయిదోది బుట్ట గుండెలకి హత్తుకుని వచ్చింది. వాళ్ళ వెనకే లాండ్రీ ఆయన, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, చేతులు మోచేతుల దాకా బొగ్గు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

అప్పుడు బాయిలర్ అరిచింది. రేకుల్ని చీల్చుకుని తెల్లటి ఆవిరి పైకి లేచింది. ఆ అరుపు ఆగలేదు, ఇంకా ఇంకా పెరిగింది. నేను రోడ్డు పక్క నీళ్ళలో కూలబడ్డాను. అయిపోయింది అనుకున్నాను.

ఎంతసేపో తెలియదు. ఆవిరిలోంచి ఆయన నడిచొచ్చాడు. చేతిలో ఇస్త్రీ పెట్టె, దానికి తెగిన తీగ వేలాడుతోంది. మోచేయి ఎర్రగా కమిలింది.

"పేలిపోయిందనుకున్నాను," అన్నాను.

"పేలితే నువ్వు వినేదానివి కాదు. ఇది వాల్వ్. ఇన్నాళ్ళకి నోరు తెరిచింది." లాండ్రీ మెట్ల మీద కూర్చుని పెట్టెని పక్కన పెట్టుకున్నాడు. "మంట లాగేశాను. నువ్వు ఇంటికెళ్ళు."

"మీరు?"

"చల్లారాలిగా. మంట ఆర్పినంత మాత్రాన ఆగదు."

లాండ్రీ ఆయన దూరంగా నిలబడి ఎవరికో ఫోను చేస్తున్నాడు. మధ్యమధ్య మావైపు వేలు చూపిస్తున్నాడు. నేను వెళ్ళలేదు. ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని సంచిలోంచి వచ్చే సోమవారం కాగితం తీశాను. అది ఎప్పుడూ నా దగ్గరే ఉండేది. భృతి సంగతి తేల్చే ఉత్తరం ఇంకా రావాలి. ఈ కాగితంలో నిజం రాస్తే అది మాకు వ్యతిరేకంగా రావచ్చని ఇద్దరికీ తెలుసు.

"ఈ వారంలో ఏదైనా పని చేశారా?" అని చదివాను.

"చేశాననే రాయి."

"ఏ పని?"

ఆయన ఆలోచించాడు. "బాయిలర్ చల్లార్చడం. సీలు తెంపి కాశారని కూడా రాయి. గేజి ముల్లు ఎర్ర గీత దాటి రెండు వేళ్ళు. ఈసారి మరిచిపోకు."

"ఎవరి వద్ద?"

"ఎవరి వద్దా కాదు."

అలాగే రాశాను. కాగితం ఆయన వైపు జరిపి పెన్ను ఇచ్చాను. ఆయన తీసుకుని, సంతకం పెట్టకుండా, దాన్ని మళ్ళీ నా ముందుకి చాపాడు. కింద సన్న అక్షరాల గీత మీద మసి వేలు పెట్టాడు.

"ముందు నువ్వు."

వాల్వ్ ఇంకా అరుస్తూనే ఉంది. నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. దాని పక్కన సంతకం పెట్టాను.

నేను పెట్టాక, ఆయన పెట్టాడు.